హమ్మయ్య అనే ఊపిరి: పాతబస్తీ మిద్దె మీద ఛీగుంగ్

షాపులో కూర్చుని సౌండ్ పెట్టుకోలేనివాళ్లు, బస్సులో నెట్ సరిగ్గా రానివాళ్లు కూడా చదువుకోవచ్చని ఈ ఎపిసోడ్ మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. చివర్లో పది నిమిషాల ప్రాక్టీస్ ఉంది. అది చదివాక ఫోన్ పక్కన పెట్టి, లేచి నిలబడి ఒకసారి చేసి చూడండి.

ఇవాళ్టి టాపిక్ ఛీగుంగ్. ఇంగ్లీష్ స్పెల్లింగ్ క్యూ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి మనవాళ్లు చాలామంది క్విగాంగ్ అని చదువుతారు. చైనావాళ్లు పలికేది దాదాపు ఛీ-గుంగ్ అని. "ఛీ" అంటే ఊపిరి, గాలి, ప్రాణం. మనం ప్రాణవాయువు అన్నప్పుడు ఏ అర్థం వస్తుందో దానికి దగ్గరగా ఉంటుంది. "గుంగ్" అంటే రోజూ కష్టపడి చేసి సంపాదించిన పనితనం. రెండూ కలిపితే ఊపిరి మీద సాధన. నెమ్మదిగా కదలడం, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, మనసుని ఆ కదలిక మీదే పెట్టడం. ఇంతే. దీనికి మెషీన్ వద్దు, ఫీజు వద్దు, స్పెషల్ డ్రెస్ వద్దు.

మరి లాల్‌దర్వాజలో ఉండే నాకు చైనా వ్యాయామంతో పనేంటి అని మీరు అడగొచ్చు. చెప్తాను.

మన గల్లీలో స్ట్రెస్ అనే మాట లేదు

మా గల్లీలో ఎవరూ "నాకు స్ట్రెస్‌గా ఉంది" అనరు. ఆ మాట ఆఫీసులది. మా అమ్మ "గుండెల్లో దడ దడ అంటుంది" అంటుంది. పక్కింటి ఫాతిమా ఆంటీ "దిల్ ఘబ్రా రహా" అంటారు. నా వయసు పిల్లలు "ఊపిరాడట్లే అన్నా" అంటారు. పరీక్ష ముందు "కడుపులో దేవుతుంది", అప్పులవాడు ఇంటికొచ్చినప్పుడు "కాళ్లూ చేతులూ ఆడట్లే", పని ఎక్కువైతే "తల బద్దలైపోతుంది".

ఈ మాటల్లో గుండె ఉంది, ఊపిరి ఉంది, కడుపుంది, కాళ్లూ చేతులూ ఉన్నాయి. మనసు అన్న మాట ఎక్కడా లేదు. మన పెద్దలు టెన్షన్‌ని ముందు ఒంట్లో గుర్తుపట్టారు. నిజంగా అది మొదట కనిపించేది అక్కడే. భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి, దవడ బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది.

ఇంకో మాట చూడండి. కష్టం గట్టెక్కిన క్షణంలో మన నోటి నుంచి ఏమొస్తుంది? "హమ్మయ్య!" ఇప్పుడే ఒకసారి అని చూడండి. పెద్ద శ్వాస బయటికి పోయింది కదా? భుజాలు కాస్త కిందికి దిగాయి కదా? ఊపిరి పీల్చుకున్నాం అంటాం గానీ, హమ్మయ్య అన్నప్పుడు మనం చేసేది ఊపిరి వదలడం.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పదలచుకుంది ఒకటే. మామూలుగా కష్టం తీరాక హమ్మయ్య అంటాం. కష్టం ఇంకా తీరకముందే, అది నడుస్తున్నప్పుడే, ఒంటితో హమ్మయ్య అనిపించడం నేర్చుకోవచ్చు. ఛీగుంగ్ నేర్పేది అదే. కష్టాన్ని అది తీర్చదు. ఆ కష్టంలో నిలబడే ఒంటికి కాస్త సత్తువ మిగులుస్తుంది.

పాతబస్తీలో ఎందుకు

మన దగ్గర టెన్షన్ తగ్గించుకోవడానికి అందరూ ఇచ్చే సలహాలు తెలుసు కదా. జిమ్‌కి వెళ్లు, పార్కులో నడువు, ట్రిప్‌కి వెళ్లు. సలహాలు మంచివే. కానీ గౌలిపురలో రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండే అమ్మాయికి పొద్దున్నే పార్కుకి ఒక్కతే వెళ్లే వీలుందా? లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద రాళ్లు అతికే అబ్బాయి రోజంతా కొలిమి పక్కన వంగి కూర్చుంటాడు. కార్చోబ్ చట్రం మీద జరీ పని చేసేవాళ్ల మెడ గంటలకొద్దీ కిందికే ఉంటుంది. డెలివరీ బండి మీద తిరిగే తమ్ముడికి ఆర్డర్ ఆర్డర్‌కీ టైమ్ లెక్క. హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి రానూపోనూ రోజులో ఎంత పోతుందో మీకే తెలుసు.

నేను పత్తర్‌గట్టి వైపు ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆరేళ్లు నిలబడ్డాను. రంజాన్ నెలలో ఆ రోడ్డు అర్ధరాత్రి దాటినా నిద్రపోదు. కస్టమర్లు తోసుకొస్తుంటారు, స్కానర్ మొరాయిస్తుంది, ముగ్గురు ఒకేసారి బిల్లు అడుగుతారు. ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్లు పడుకునేది గానీ గుండె మాత్రం ఇంకా కౌంటర్ దగ్గరే ఉండేది. మార్షల్ ఆర్ట్స్ నేర్పే ఒక మాస్టారు అప్పుడు నాకు ఈ కదలికలు చూపించారు. మా మిద్దె మీద నీళ్ల ట్యాంకుకీ బట్టల తీగకీ మధ్య జానమాజ్ పరిచినంత జాగా ఉంటుంది. నాలుగేళ్లుగా నా ప్రాక్టీస్ అక్కడే. దీనికి నిజంగా అంతకంటే ఎక్కువ జాగా అక్కర్లేదు. అందుకే ఇది మన బస్తీకి సరిపోతుంది అంటాను.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది

కొంచెం చరిత్ర చెప్పుకుందాం, ఎందుకంటే దీని మీద కట్టుకథలు చాలా ఉన్నాయి.

1973లో చైనాలోని చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయి అనే చోట తవ్వకాలు జరిగాయి. క్రీ.పూ. 168లో మూసేసిన ఒక సమాధిలో పట్టుబట్ట మీద గీసిన బొమ్మ దొరికింది. అందులో 44 మంది మనుషులు వేర్వేరు భంగిమల్లో ఉన్నారు. వంగుతున్నారు, చేతులు చాపుతున్నారు, పక్షుల్లా జంతువుల్లా కదులుతున్నారు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, వాళ్లలో ఆడవాళ్లున్నారు, మగవాళ్లున్నారు, చిన్నవాళ్లున్నారు, పెద్దవాళ్లున్నారు. అంటే రెండు వేల ఏళ్లకు పైగా ఇది ఇంటిల్లిపాదీ చేసుకునే పని.

ఈ కదలికలు పాతవే గానీ, ఛీగుంగ్ అనే పేరు ఇంతగా వాడుకలోకి వచ్చింది మాత్రం ఈమధ్యే. 1940ల చివర్లో ల్యూ గుయిజెన్ అనే ఒక కమ్యూనిస్టు పార్టీ కార్యకర్త కడుపులో పుండ్లతో బాధపడుతూ, ఊళ్లో పెద్దమనిషి దగ్గర శ్వాస సాధన నేర్చుకున్నాడు. ఆయనా ఆయన తోటివాళ్లూ కలిసి ఈ సాధనలన్నిటినీ ఒక పేరు కిందకి తెచ్చారు. 1950లలో చైనాలో దీనికోసం శానిటోరియంలు కూడా పెట్టారు. 1980లలో అక్కడ ఇది పిచ్చిలా పాకింది. చేతులు ఊపి దూరం నుంచే రోగం తగ్గిస్తానన్న మాస్టర్లు కూడా పుట్టుకొచ్చారు. ఆ తర్వాత 2000ల తొలి ఏళ్లలో అక్కడి క్రీడా శాఖ నాలుగు పాత పద్ధతులను తీసుకుని, మంత్రాలూ మహిమలూ లేకుండా ఆరోగ్య వ్యాయామంగా ఒక పద్ధతిలో పెట్టింది. అందులో అన్నిటికంటే తేలికైనది బాదువాన్‌జిన్. ఎనిమిది పట్టుబట్ట ముక్కలు అని దాని అర్థం. నేను చూపించేది దాంట్లోంచే.

ఇక మనవాళ్లందరికీ ఇష్టమైన కథ ఒకటుంది. 2011లో వచ్చిన సెవెన్త్ సెన్స్ సినిమా చూశారు కదా, సూర్య బోధిధర్ముడిగా చేసింది. మన దక్షిణాది నుంచి వెళ్లిన బోధిధర్ముడే చైనావాళ్లకు ఇవన్నీ నేర్పాడు అని వాట్సాప్‌లో కూడా తిరుగుతుంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆయన పేరు మీద చెప్పే కండరాల వ్యాయామ గ్రంథం, యీ జిన్ జింగ్, 1624 నాటిదని చరిత్రకారులు తేల్చారు. ఆయన కాలానికి దాదాపు వెయ్యేళ్ల తర్వాతిది. పైగా మావాంగ్‌దుయి బొమ్మ ఆయన పుట్టకముందే గీసింది. ఒక వ్యాయామం మంచిదవ్వాలంటే అది మనదే అయ్యుండాలని రూలేం లేదు. మన ఛాయ్ ఆకు కూడా చైనా నుంచి వచ్చిందే. ఇరానీ ఛాయ్ మనది కాకుండా పోయిందా?

అలాగని ఈ ఆలోచన మన ఊరికి కొత్తదేం కాదు. చార్మినార్ ఎదురుగా యునానీ ఆసుపత్రి, నిజామియా తిబ్బీ కాలేజీ ఉంది కదా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టింది. మనం దాని ముందు నుంచే బండి మీద పోతుంటాం. ఆ యునానీ వైద్యంలో ఆరోగ్యానికి ఆరు విషయాలు తప్పనిసరి అంటారు. గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో ఉంచుకోవాల్సిందీ బయటికి పంపాల్సిందీ. హర్కత్, సుకూన్ అనే మాటలు అక్కడివే. ఒంటికొకటి, మనసుకొకటి అని విడిగా లెక్కపెట్టి, రెండింటికీ కదలికా కావాలి, విశ్రాంతీ కావాలి అన్నారు. ఛీగుంగ్‌లో ఒంటిని సరిచెయ్యి, ఊపిరిని సరిచెయ్యి, మనసుని సరిచెయ్యి అని మూడు మెట్లు చెప్తారు. దారులు వేరైనా, ఒళ్లూ మనసూ కలిసే ఉంటాయన్న మాట రెండు చోట్లా ఉంది.

ఇది ఎలా పనిచేస్తుంది

ఇప్పుడు కొంచెం సైన్స్. మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, నాడి కాస్త వేగం పెరుగుతుంది. నెమ్మదిగా వదలండి, కాస్త నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. దీనికి ముఖ్య కారణం వేగస్ నాడి. మెదడు నుంచి గుండె దాకా, కడుపు దాకా దిగే నాడి అది. గుండెకు బ్రేక్ లాంటిది. ఊపిరి వదిలేటప్పుడు ఆ బ్రేక్ కొంచెం పడుతుంది.

మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. టెన్షన్‌లో ఇంకా ఎక్కువ. దాన్ని నిమిషానికి ఆరు దగ్గరికి తెస్తే, అంటే నాలుగు లెక్కపెడుతూ తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదిలితే, ఆ బ్రేక్ బాగా పనిచేస్తుంది. గుండె దడను మనం నేరుగా ఆపలేం. "ఆగు" అంటే గుండె వినదు. కానీ ఊపిరి మన చేతిలో ఉంది. దాన్ని పట్టుకుంటే గుండె వెనకాలే వస్తుంది.

ఛీగుంగ్‌లో లియూ జీ జ్యూయె అని ఇంకో పద్ధతి ఉంది. ఆరు రకాల శబ్దాలు చేస్తూ ఊపిరి వదలడం. దాని మూలం ఐదారు శతాబ్దాల్లో బతికిన తావో హోంగ్‌జింగ్ అనే పండితుడి దాకా వెళ్తుంది. "హూ" అనో "హే" అనో లాగుతూ వదిలితే శ్వాస దానంతట అదే పొడుగవుతుంది. మన హమ్మయ్య చేసే పని కూడా అదే కదా.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి? 2010లో ఛీగుంగ్, తాయ్ చీ మీద వచ్చిన 77 పరిశోధన వ్యాసాలను ఒకచోట పెట్టి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. ఎముకల బలం, గుండె, పడిపోకుండా బ్యాలెన్స్, మానసిక ఇబ్బంది లాంటి వాటిలో మేలు కనిపించింది. కానీ ఇలాంటి ప్రయోగాల్లో ఒక చిక్కుంది. మందు బిళ్లకైతే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి పోల్చి చూడొచ్చు. ఉత్తుత్తి ఛీగుంగ్ చేయించడం కష్టం. తాను ఏం చేస్తున్నాడో మనిషికి తెలిసిపోతుంది. కాబట్టి నేను చెప్పేది ఇంతవరకే. టెన్షన్ తగ్గడానికీ నిద్రకీ సాయం చేస్తుంది, ఒళ్లు తేలికపడుతుంది. క్యాన్సర్ పోతుంది, షుగర్ మాయమవుతుంది అని ఎవరైనా అంటే ఆ వీడియో అక్కడే ఆపేయండి.

పది నిమిషాల ప్రాక్టీస్

సరే, లేవండి. చెప్పులు తీసేయండి. తిన్న వెంటనే వద్దు, గంటన్నర ఆగండి. హలీం తింటే ఇంకొంచెం ఎక్కువే ఆగండి.

మొదటిది, నిలబడటం. రెండు నిమిషాలు. పాదాలు భుజాల వెడల్పున పెట్టండి. మోకాళ్లు కాస్త వదులుగా, బిగించొద్దు. ఇప్పుడు తల మీద బోనం ఉందనుకోండి. లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారి గుడికి బోనం ఎత్తుకెళ్లే అక్కల్ని చూశారు కదా. మెడ నిటారుగా ఉంటుంది, గడ్డం కాస్త లోపలికి ఉంటుంది, చూపు ముందుకి ఉంటుంది, కానీ నడుమూ మోకాళ్లూ మెత్తగా ఉంటాయి. బిగుసుకుంటే బోనం పడిపోతుంది, వదిలేసినా పడిపోతుంది. అదే భంగిమ. చైనా మాస్టర్లు తలని దారంతో పైకి లాగినట్టు అంటారు. మనకి బోనం చాలు.

ఇప్పుడు చేతులు ఛాతీ ముందుకి తెచ్చి, పెద్ద కుండని పట్టుకున్నట్టు గుండ్రంగా పెట్టండి. మీర్ ఆలం చెరువు కట్టని ఎప్పుడైనా గమనించారా? దానికి 21 కమాన్లుంటాయి. తిన్నని గోడ కాకుండా వంపులు తిరిగి ఉంటుంది. అన్ని నీళ్ల బరువునీ రెండు వందల ఏళ్లుగా ఆ వంపులే మోస్తున్నాయి. మన చేతులు కూడా అట్లనే. మోచేతులు భుజాల కంటే కిందికి ఉండాలి, వంపు పోకూడదు. భుజాలు లేస్తున్నాయంటే చేతుల్ని కొంచెం కిందికి దించండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి బిగబట్టొద్దు.

రెండోది, ఆకాశాన్ని ఎత్తడం. ఎనిమిది సార్లు. చేతులు కిందికి దించి, పొట్ట ముందు వేళ్లు వేళ్లలో పెట్టండి. ఊపిరి తీసుకుంటూ చేతులు పైకి లేపండి. ముఖం దగ్గరికి వచ్చాక అరచేతులు పైకి తిప్పి, మిద్దె ఎత్తుతున్నట్టు నెట్టండి. పక్కటెముకలు విచ్చుకోవడం తెలుస్తుంది. తర్వాత చేతులు విడదీసి, వదులుతూ రెండు పక్కల నుంచి కిందికి దించండి. కౌంటర్ దగ్గరో చట్రం మీదో వంగి పనిచేసేవాళ్లకి ఇది బంగారం.

మూడోది, విల్లు లాగడం. అటు నాలుగు, ఇటు నాలుగు. కాళ్లు వెడల్పు చేసి, గుర్రం మీద కూర్చున్నట్టు కొంచెం కిందికి దిగండి. మోకాలు కాలి వేళ్లను దాటకూడదు. ఒక చెయ్యి పక్కకి చాపి చూపుడు వేలు పైకి పెట్టండి, రెండో చెయ్యి తాడు లాగినట్టు భుజం దాకా తెండి. చూపు ఆ వేలి మీద. లాగేటప్పుడు ఊపిరి తీసుకోవడం, మధ్యకి వచ్చేటప్పుడు వదలడం. జాగా తక్కువైతే చెయ్యి సగమే చాపండి. గోడని గుద్దాల్సిన పనిలేదు.

నాలుగోది, వెనక్కి చూడటం. ఫోన్ చూసీ చూసీ మెడలు పట్టేసినవాళ్ల కోసం. అటు నాలుగు, ఇటు నాలుగు. నిటారుగా నిలబడి, చేతులు పక్కన పెట్టి, అరచేతులు బయటికి తిప్పుతూ తలని నెమ్మదిగా ఒక పక్కకి తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడండి. నడుము తిరగకూడదు, మెడే తిరగాలి. పట్టేసిన దగ్గరే ఆగండి, బలవంతం వద్దు. వదులుతూ ముందుకి రండి.

ఐదోది, మడమలు. ఏడు సార్లు. ఊపిరి తీసుకుంటూ మడమలు లేపి కాలి వేళ్ల మీద నిలబడండి. వదులుతూ మడమల్ని తేలిగ్గా నేల మీద వదిలేయండి. ఒళ్లంతా చిన్నగా అదిరినట్టుంటుంది. కింద ఇంట్లో ఎవరైనా పడుకుని ఉంటే మరీ నెమ్మదిగా. వెన్నునొప్పి ఉన్నవాళ్లు అదరగొట్టకుండా మెల్లగా దించండి చాలు.

చివర్లో రెండు చేతులూ బొడ్డు కింద పెట్టుకుని ఒక నిమిషం ఊరికే నిలబడండి. పొట్ట లేవడం, దిగడం చేతులకి తెలుస్తుంది. ఇక ఏమీ చేయొద్దు. అంతే, అయిపోయింది.

మన బస్తీలో టైమూ జాగా

పొద్దున ఫజర్ అజా తర్వాత, బండ్ల హారన్లు మొదలవ్వకముందు, పాతబస్తీలో గాలి కాస్త తేలిగ్గా ఉంటుంది. పొగ తక్కువ, పావురాల చప్పుడు తప్ప వేరే గోల ఉండదు. అది మంచి టైమ్. ఎండాకాలంలో ఏడు దాటితే మిద్దె కాలిపోతుంది, ఇంట్లోనే చేసుకోండి. మిద్దె మీద చేసేవాళ్లు పిట్టగోడకి దూరంగా మధ్యలో నిలబడండి. మన పాత ఇళ్ల పిట్టగోడలు మోకాలెత్తే ఉంటాయి. సంక్రాంతి వారం మాత్రం మిద్దెని పతంగులకి వదిలేయడమే మేలు.

అమ్మాయిలు కొందరు అడుగుతారు, మిద్దె మీద చేస్తే చుట్టుపక్కలవాళ్లు చూస్తారు అక్కడెలా అని. గదిలో చేసుకోండి. వంటింట్లో కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూసే మూడు నిమిషాల్లో మొదటి భంగిమ ఒక్కటి చేయండి. బుర్ఖాలో అయినా, నైటీలో అయినా, చున్నీ వేసుకుని అయినా చేయొచ్చు. పడుకోవాల్సిన, పైకి ఎగరాల్సిన కదలిక ఒక్కటీ లేదు. మా అమ్మ కుర్చీలో కూర్చుని చేతుల కదలికలు మాత్రం చేస్తుంది. బీపీ బిళ్ల వేసుకుంటుంది, ఇదీ చేస్తుంది. బిళ్ల ఆపలేదు, ఆపొద్దు కూడా.

ఎక్కువమంది అడిగేవి

నమాజ్ చేసేవాళ్లు చేయొచ్చా, పూజ చేసేవాళ్లు చేయొచ్చా? నేను చూపించిన కదలికల్లో మంత్రం లేదు, దేవుడి పేరు లేదు, దీక్ష లేదు. బడిలో పీటీ సార్ చేయించే డ్రిల్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎవరైనా "ముందు నా శిష్యుడివి కా, తర్వాత శక్తి ఇస్తా" అంటే అది వేరే వ్యవహారం. అక్కడి నుంచి వచ్చేయండి.

ప్రాణాయామం ఉండగా ఇదెందుకు? ప్రాణాయామం చేస్తుంటే అదే కొనసాగించండి, మస్తు మంచిది. కొందరికి కింద కూర్చోవడం కష్టం, కొందరికి కళ్లు మూసుకుంటే ఆలోచనలు ఇంకా ముసురుకుంటాయి. వాళ్లకి నిలబడి, కళ్లు తెరిచి, చేతులు కదుపుతూ చేసేది తేలిక.

జిమ్ మానేయొచ్చా? వద్దు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా నడకో వ్యాయామమో చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన దగ్గర తాలింఖానాల్లో కుస్తీ పట్టే పహిల్వాన్లకి కూడా దండలు, బైఠక్‌ల తర్వాత ఒళ్లు చల్లారాలి కదా. దీన్ని ఆ చల్లారే పని అనుకోండి.

ఎన్ని రోజులకి తెలుస్తుంది? ఊపిరి నెమ్మదించడం మొదటి రోజే తెలుస్తుంది. అది అలవాటవ్వడానికి టైమ్ పడుతుంది. రెండు వారాలు రోజూ పది నిమిషాలు చేయండి. ఒక రోజు గంట చేసి వారం మానేయడం కంటే ఇది మేలు. చిన్న గుర్తు ఒకటి చెప్తా. కౌంటర్ దగ్గర ఎవరైనా గట్టిగా అరిచినప్పుడు మీ భుజాలు లేచిన సంగతి మీకే తెలిసి, అవి దిగిపోయాయంటే పని మొదలైనట్టే.

జాగ్రత్తలు

తల తిరిగితే వెంటనే కూర్చోండి. గర్భంతో ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం లాంటి సమస్యలకి మందులు వాడుతున్నవాళ్లు గంటలకొద్దీ కళ్లు మూసుకుని సాధన చేయొద్దు, డాక్టర్ సలహా తప్పనిసరి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం, ఇవి టెన్షనే అనుకుని ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇంకో ముఖ్యమైన మాట. కొన్నిసార్లు బరువు పది నిమిషాల ప్రాక్టీస్‌తో దిగేది కాదు. నిద్ర లేదు, తిండి సహించట్లేదు, బతకడం ఎందుకు అనిపిస్తుంది, ఇలా రోజులు గడుస్తుంటే టెలీ మానస్ నంబర్ 14416కి కాల్ చేయండి. పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. మీకోసం కాకపోయినా, మీ దోస్తు కోసం. ఎవరికి ఎప్పుడు అవసరమవుతుందో మనకి తెలియదు.

ఒంటికి ఇంత చెప్తున్నానని అంతా మన ఊపిరి లోపమే అనుకోవద్దు. జీతం టైమ్‌కి రాకపోవడం, షిఫ్ట్ పన్నెండు గంటలవ్వడం, ఇంట్లో పెళ్లి అప్పు, ఇవేవీ మీ ఊపిరి తప్పు కాదు. వాటి గురించి మాట్లాడాల్సిన చోట మాట్లాడాలి, అడగాల్సిన చోట అడగాలి. కానీ గొంతు వణకకుండా అడగాలంటే ముందు ఊపిరి కిందికి దిగాలి. రోజులో పది నిమిషాలు, ఎవరూ బిల్లు వేయని పది నిమిషాలు, మీకోసం పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో బాదువాన్‌జిన్‌లోని మిగతా కదలికలు చూద్దాం. ఈ లోపు రేపు పొద్దున ఒక్క నిలబడటం చేయండి, తల మీద బోనంతో, చేతుల్లో కమానుతో. చేయడం మాత్రం మర్చిపోవద్దు. ఉంటా మరి. ఖుదా హాఫిజ్, నమస్తే.